హనుమక్క కొంగుముడి

హనుమక్క సోమందేపల్లి నుంచి పెనుకొండ బడికి వంట చేయడానికి పోతుంది. బస్సు కదిలిందంటే చాలు, గుండె దడ మొదలవుతుంది. గ్యాస్ ఆపినానా, లేదా? సగం దారిలో దిగి, ఎదురొచ్చే ఆటో ఎక్కి ఇంటికి పరుగెత్తేది. ఎప్పుడు చూసినా ఆపేసే ఉండేది.

ఇట్లా కాదని, గ్యాస్ ఆపగానే కొంగుకు ముడి వేసుకోవడం మొదలుపెట్టింది. మరవకూడని పనికి వాళ్లమ్మ అట్లాగే వేసేది. కొన్నాళ్లు హాయిగా గడిచింది. ఒకరోజు బస్సులో ముడి తడుముకుంటుంటే కొత్త అనుమానం పుట్టింది. కట్టుకున్నది నిన్నటి చీరే. మరి ఈ ముడి ఈరోజుదా, నిన్నటిదా? ఆరోజూ దిగిపోయింది.

తన మీద తనకే ఒళ్లు మండి, హిందూపురంలో మనసు డాక్టరమ్మ దగ్గరికి పోయింది.

"అనుమానం వస్తే రానీ అక్కా, నువ్వు మాత్రం దిగొద్దు. పోయి చూసినకొద్దీ అది బలుస్తుంది. కాసేపు ఓర్చుకుంటే అదే తగ్గుతుంది," అందామె.

మరునాడు సగం దారికి రాగానే కండక్టర్ లింగప్ప అలవాటుగా విజిల్ నోట్లో పెట్టుకోబోయాడు.

"దిగుతావా హనుమక్కా?"

కాళ్లు లేవబోయాయి. సీటుకు ఆనుకుని కూర్చుని, మెల్లగా కొంగుముడి విప్పేసింది.

"లేదప్పా, పోనీ. నా భయం గూడా పక్కనే కూర్చోని వస్తాండాది."

లింగప్ప నవ్వాడు. "అట్లయితే దానికీ టికెట్ కొట్టాల్నే!"

"కొట్టప్పా. అదీ ఆడదే, ఫ్రీనే గదా!"