నెట్ తగలరాని సిస్టం

మా ఇంటి ముందు గదే మా షాపు. నంద్యాలలో మా వీధి చుట్టుపక్కల ఎవరికి పెళ్లికార్డు కావాలన్నా, పుట్టినరోజు ఫ్లెక్సీ కావాలన్నా, చర్చికి పాటల కాగితాలు కావాలన్నా మా గడప తొక్కాల్సిందే. గదిలో రెండు సిస్టంలు ఉండేవి. ఒకటి కొత్తది, నెట్ ఉన్నది. రెండోది పాతది. దాని నెత్తిన మా ఆయన స్కెచ్ పెన్నుతో రాసి అంటించిన కాగితం ఉండేది: దీనికి నెట్ పెట్టరాదు.

పాతదాన్ని అక్షరాల సిస్టం అనేవాళ్లం. సమాధి రాళ్ల మీద చెక్కే తెలుగు అక్షరాలు అందులోనే తయారయ్యేవి. నేను మాటలు టైపు కొడితే, ఆయన ఒక్కో అక్షరం దగ్గర కూర్చుని సరిచేసేవాడు. కాగితం మీద ముచ్చటగా కనిపించే సన్న తోక రాతి మీద నిలవదు. మిషన్ మొన తగలగానే పెచ్చులుగా రాలిపోతుంది. అందుకని వత్తుల మెడలు లావు చేసి, తలకట్ల చివర్లు మొద్దు చేసి, ఏళ్ల తరబడి మొత్తం అక్షరమాలనే రాతికి పనికొచ్చేట్టు మార్చుకున్నాడు. చూసేవాళ్లకు ఆ తేడా తెలియదు. చెక్కేవాళ్లకు తెలుసు.

ఆ ప్రోగ్రాం అమ్మినవాళ్లు ఎప్పుడో దుకాణం కట్టేశారు. దాంతో పాటు ఇచ్చిన, పెన్‌డ్రైవ్ లాంటి చిన్న తాళం ముక్కను సిస్టం వెనక గుచ్చితేనే అది తెరుచుకుంటుంది. ఒకసారి సిస్టం తనంతట తాను అప్‌డేట్ అయిపోయి ఆ తాళం ఎవరో నాకు తెలియదంది. వాళ్లనూ వీళ్లనూ బతిమాలి దాన్ని వెనక్కి తెచ్చుకునేసరికి మా ఆయన సగమయ్యాడు. అప్పట్నుంచి అప్‌డేట్లు ఆపేశాడు. ఆపినా కొన్నాళ్లకు అవి మళ్లీ లేచి కూర్చున్నాయి. దాంతో నెట్ వైరే పీకేశాడు.

అప్‌డేట్ లేని సిస్టం అంటే గోడకు కన్నం ఉన్న ఇల్లని ఆయనకు తెలియక కాదు. "కన్నం పూడ్చలేమని తెలిసినాక వీధికి ముఖం లేకుండా బతకల్ల మే," అనేవాడు. అందుకే దానికి మెయిల్ లేదు, పాటలు లేవు, ఆటలు లేవు. కొత్తది ఏదీ ఎక్కించడానికి వీల్లేని ఖాతాలోనే పనిచేయాలి. బయట తిరిగొచ్చిన పెన్‌డ్రైవ్ ముందు కొత్త సిస్టంలో వైరస్ పరీక్ష చేయించుకుని, శుభ్రంగా తుడిపించుకుని, ఆ తర్వాతే పాతదాని దగ్గరికి రావాలి, చెప్పులు బయట విడిచి ఇంట్లోకి వచ్చినట్టు. సిస్టం బాగున్న రోజుల్లో దాని నకలు మొత్తం ఇంకో హార్డ్ డిస్క్‌లోకి తీసి, చేతిరుమాల్లో చుట్టి, నా కుట్టు మిషన్ సొరుగులో పెట్టాడు. మా అత్త నాకు కూడా ఇన్ని ఆంక్షలు పెట్టలేదని నేను ఎగతాళి చేసేదాన్ని. మా అమ్మకు నువ్వు పోతే ఇంకో కోడలు దొరుకుతుంది, నాకు ఇది పోతే ఇంకోటి దొరకదు అనేవాడు.

పూర్తైన పని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, జేబులో వేసుకుని ఆళ్లగడ్డ బస్సెక్కేవాడు. అక్కడ ఒక శిల్పి దగ్గర రాతి మిషన్ ఉంది. అతను దేవుళ్ల విగ్రహాలు చేత్తో చెక్కుతాడు, రాళ్ల మీద రాతలు మాత్రం మిషన్‌తో కొడతాడు. నుదుట బొట్టుతో, పొద్దున్నే ఉలికి దండం పెట్టుకుని పని మొదలుపెట్టే ఆ మనిషే మా చర్చిలో ప్రభువునందు నిద్రించిన వాళ్లందరి పేర్లూ చెక్కాడు. అతని మిషన్‌కున్న సిస్టం మాదానికంటే ముసలిది. మా పెన్‌డ్రైవ్‌కు ఉన్న రోగాలన్నీ అక్కడ అంటుకున్నవే.

ఒక పొద్దున మా ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి, గుండె పట్టుకుని, అట్లే వెనక్కి ఒరిగాడు. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్లు నన్ను పట్టుకుని ఏడ్చారు, నేను వాళ్లకు మంచినీళ్లిచ్చాను. పన్ను పీకడానికి ఇంజెక్షన్ ఇచ్చినాక దవడ ఎట్లుంటుందో నా ఒళ్లంతా అట్లుంది. ఉంది, కానీ నాది కాదు.

చావింటివాళ్లను ఓదార్చే ప్రార్థన, ఆదరణ కూడిక, మా షాపులోనే పెట్టారు. పాటల పుస్తకాలు చాలవు, పాటలు పెద్ద తెర మీద పెడదామన్నారు. పెద్ద తెర ఉన్నది అక్షరాల సిస్టంకే. మా మరిది తన ఫోన్ నెట్‌ను దానికి కలిపాడు. అంటించిన కాగితం అతనికి కనిపించలేదు. పూలదండ వేసిన మా ఆయన ఫోటోను సరిగ్గా ఆ కాగితానికే ఆనించి పెట్టారు. పాట మధ్యలో తెర మూలన ఎర్ర అక్షరాలు వచ్చాయట, ఈ సిస్టం ప్రమాదంలో ఉందని. అతను సరే అని నొక్కాడు. అన్న ఎట్లూ దక్కలేదు, అన్న సిస్టం అయినా భద్రంగా ఉండనీ అనుకున్నాడు పాపం. చివరి ప్రార్థనకు కళ్లు మూసి తెరిచేసరికి తెర నీలంగా మారింది. చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. ఆపవద్దని రాసి ఉంది. మధ్యలో ఆపితే మొత్తానికే మోసమని నాకు తెలుసు. చుట్టూ అందరూ ఆమేన్ అన్నారు, నేనూ అన్నాను.

ఆ తర్వాత షాపు కొత్త సిస్టంతోనే నడిచింది. కార్డులు కొట్టాను, ఫ్లెక్సీలు కొట్టాను. వేళకు తిన్నాను కూడా. పాతదాన్ని మాత్రం నెలల తరబడి తెరవలేదు. కానీ ఏడాది తిరిగేలోపు సమాధి మీద రాయి పడాలి. రాయి లేకుండా జ్ఞాపకార్థ కూడిక పెడితే మావాళ్లలో పెద్దలు ఊరుకోరు. ఆ పని మీద పడ్డాకే దాన్ని ఆన్ చేశాను. తాళం దొరకలేదని తెర మీద పడింది. పీకి మళ్లీ గుచ్చాను. మళ్లీ అదే.

ఊళ్లో ఎంతమంది రాళ్ల మీదనో ఆయన అక్షరాలున్నాయి, ఆయన రాయి మీద ఉండవు. ఆ సంగతి తలకెక్కగానే నాకు కోపమొచ్చింది. అన్ని నెలల్లో నాకు తెలిసొచ్చిన మొదటి సంగతి ఆ కోపమే. అది మరిది మీద కాదు, చచ్చిపోయిన మనిషి మీద. ఒక డబ్బాకు ఇంత జాగ్రత్త పెట్టినవాడు, ఆయాసం వస్తోందని నేను మొత్తుకున్నా ఒక్కసారైనా గుండె చూపించుకోలేదు.

విషయం తెలిసి మరిది వచ్చి తలదించుకుని కూర్చున్నాడు.

"ఎర్రగా కనపడితే భయపడి నొక్కినా వదినా. మంచికే అనుకుంటి."

వేరే ఏ సిస్టంకైనా నువ్వు చేసింది మంచి పనే అన్నాను. ఓదార్చడానికి అనలేదు. కొత్తదానికి అప్‌డేట్ ఒక్కరోజు ఆలస్యమైతే మా ఆయన కూడా ఊరుకునేవాడు కాదు. ఫోన్లో ఉన్న తెలుగు అక్షరాలతో కొట్టిద్దామా అని మరిది అడిగాడు. అవీ బాగానే ఉన్నాయి. ఆళ్లగడ్డకు ఫోన్ చేస్తే శిల్పి ఒప్పుకోలేదు. వాటి తోకలు రాలతాయన్నాడు. అయినా ఆయన రాయికి ఇంకొకరి అచ్చరాలేందీ అన్నాడు.

ఫోన్ పెట్టేశాక కుట్టు మిషన్ సొరుగు గుర్తొచ్చింది. అంతదాకా ఎందుకు గుర్తు రాలేదంటే ఏం చెప్పను. ఆ ఏడాది పొయ్యి మీద పాలు పెట్టిన సంగతే నాకు గుర్తుండేది కాదు. రుమాలు విప్పాను. ఆయన విప్పుతుంటే ఎన్నోసార్లు పక్కన నిలబడి చూసిందే కాబట్టి, మూత మరలు తీసి పాత డిస్క్ స్థానంలో నకలు డిస్క్ పెట్టాను. తెర వెలిగింది. తాళం పలికింది. అంతా ఆయన సర్దిపెట్టినట్టే ఉంది. కొలిమిగుండ్ల వాళ్లెవరిదో రాయి ఒకటి సగం పనిలో ఉంది. ఎప్పుడో చెక్కించి, సమాధి మీద నిలబెట్టేసిన రాయే. ఇందులో ఇంకా పూర్తి కాలేదు.

ఆయన పేరు టైపు కొట్టాను. తర్వాత అలవాటుగా కుర్చీ పక్కకు జరిపాను, ఆయన కూర్చుని సరిచేయడానికి. మళ్లీ ముందుకు జరుపుకున్నాను.

మావాళ్లలో ఆలుమగలకు ఒకటే రాయి. సగం ముందు పోయినవాళ్లది, సగం తర్వాత పోయేవాళ్లది. రెండోవాళ్ల పేరు, పుట్టిన తేదీ ముందే చెక్కించి, మిగతాది ఖాళీగా వదులుతారు. ఈ డిస్క్ ఎన్నాళ్లుంటుందో తెలియదు. నా వంతు వచ్చేనాటికి దీన్ని తెరవడం తెలిసిన ఇద్దరమూ ఆ రాయి కిందే ఉంటాం. అందుకని నా పేరు, పుట్టిన తేదీ కొట్టి, కింద సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలన్నీ విడివిడిగా కొట్టాను. వాటిని మిషన్ చదివే గీతలుగా మార్చాను. అట్లా మారిస్తే ఏ సిస్టంలోనైనా తెరుచుకుంటాయి, తాళం అక్కర్లేదు. నేను ఏ రోజు పోతే ఆ తేదీకి ఏరుకోవచ్చు.

ఆళ్లగడ్డలో శిల్పి ఆ అంకెలు చూసి ఇవేందక్కా అని అడిగాడు. చెప్పాను. కాసేపు మిషన్ మీది దుమ్ము తుడిచాడు. పనివాడు కాబట్టి చివరికి పని మాటే అడిగాడు.

"సంవత్సరంలో ముందు రెండంకెలు ఇప్పుడే చెక్కేద్దునా? నువ్వు ఎప్పుడు పోయినా ఇరవయ్యే గదా."

నూరేళ్లు బతికినా ఇరవయ్యే. చెక్కెయ్యన్నా అన్నాను.

మిషన్ మొన మీద నీళ్లు పడుతుంటే రాయి మీద ఆయన పేరు తెల్లగా లేచింది. ఒక్క తోకా రాలలేదు. తర్వాత నా సగానికి వచ్చి, పేరు చెక్కి, పుట్టిన తేదీ చెక్కి, కింది వరుసలో రెండు, సున్నా చెక్కి ఆగిపోయింది. దానికి అటూ ఇటూ నున్నటి రాయి. చేయి పెట్టి చూశాను, చల్లగా ఉంది. భయం వేయలేదు, దుఃఖమూ కలగలేదు. నాకు జాగా ఉందని మాత్రం నెమ్మదిగా అనిపించింది.

నంద్యాల వచ్చి, పెన్‌డ్రైవ్‌ను కొత్త సిస్టంలో పరీక్ష చేయించి, అంటిన రోగం తుడిచి, మరిదిని పిలిచి చేతిలో పెట్టాను. దీన్ని నెట్ ఉన్నదాంట్లో అయినా పెట్టుకో, భయం లేదు, పారేసుకోవద్దు అన్నాను.

"ఏముండాయి వదినా ఇందులో?"

"మిగతా అంకెలు," అన్నాను.