వర్లీకి తగిలిన మాట

వర్లీ స్టిడమ్‌కు డెబ్బై మూడేళ్లు. కెంటకీ కొండల్లో పుట్టింది, అక్కడే ముగ్గురు పిల్లలను కన్నది, మొగుణ్ణి బొగ్గుగనిలో పోగొట్టుకుంది. ఎవరి ముందూ చెయ్యి చాచింది లేదు. అలాంటి మనిషికి ఆ ఆకురాలు కాలంలో చర్చి మెట్లు నాలుగు ఎక్కేసరికి ఊపిరి అందడం లేదు. ఎడమ చెయ్యి లాగుతోంది. మేనకోడలు డెల్ఫా క్లినిక్‌లో చీటీలు రాస్తుంది. అది పోరగా పోరగా వర్లీ అక్కడికి వెళ్లింది.

కొత్త డాక్టరమ్మ బోస్టన్ పిల్ల. నవ్వుతూనే అడిగింది.

"ఎన్నాళ్లుగా 'ఇల్'గా ఉంటున్నారు?"

వర్లీ మొహం మాడిపోయింది. ఆ కొండల్లో 'ఇల్' అంటే జబ్బు కాదు, చిర్రుబుర్రులాడే బుద్ధి. కరిచే కుక్కకూ, కసిరే అత్తగారికీ వాడే మాట.

"నేనా? నా నోరు పదునే, ఒప్పుకుంటా. ఇల్ మాత్రం కాను. మా లోయలో ఎవర్నైనా అడుగు."

"పోనీ, 'సిక్' అయ్యారా?"

అక్కడ సిక్ అంటే వాంతి.

"ఒక్కసారి కక్కితే ఒట్టు!"

డాక్టరమ్మ ఏ బాధా లేదని రాసుకుని, ఆరు నెలల తర్వాత రమ్మంది. చెప్పాల్సింది వర్లీ గొంతు దాకా వచ్చింది. కానీ తనను గయ్యాళి అన్నదాని దగ్గర కష్టం చెప్పుకోవడమా? లేచి వచ్చేసింది. బయట కోటు తొడుక్కోబోతే చెయ్యి పైకి లేవలేదు.

"ఏమందత్తా?" అంది డెల్ఫా.

"ఎన్నాళ్లుగా ఇల్‌గా ఉంటున్నావని అడిగిందే! నన్ను!"

డెల్ఫా నవ్వబోయి, అత్త పెదాల రంగు చూసి ఆగింది.

"అత్తా, నీకు 'ప్యూనీ'గా ఉందా?"

ఒంట్లో నలతగా ఉందా అనడానికి వాళ్ల మాట అదే.

"ఉంది. రెండు వారాలుగా. ఆ నాలుగు మెట్లూ కొండైపోయాయే."

డెల్ఫా తలుపైనా తట్టకుండా లోపలికి దూసుకెళ్లింది. మరుక్షణం డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చి, వర్లీ ముందు మోకాళ్ల మీద కూర్చుని, చెయ్యి పట్టుకుని అంతా మొదటినుంచి విన్నది. సాయంత్రానికి వర్లీ పట్నం ఆసుపత్రిలో ఉంది. గుండెకు వెళ్లే నాళం ఒకటి దాదాపు పూడిపోయిందట. ఇంకో వారం ఆగితే దక్కేది కాదన్నారు.

చలికాలం పోయాక, ఎండు ఆపిల్ ముద్ద రాసి ఏడు పొరలు పేర్చిన కేకు పట్టుకుని వర్లీ క్లినిక్‌కు వెళ్లింది. డాక్టరమ్మ బల్ల మీద ఒక కాగితంపై ఆ మూడు మాటలూ, వాటి అర్థాలూ డెల్ఫా చేతిరాతలో ఉన్నాయి.

"వర్లీగారూ, ప్యూనీగా ఉందా?"

"లేదు తల్లీ. మీ ఇద్దరి పుణ్యమా అని మెట్లు మళ్లీ మెట్లయ్యాయి."

"మరి ఇల్‌గా?"

"ఇవాళ కాస్త ఉన్నాను. ఏడు పొరలు పేర్చి తెస్తే, మా డెల్ఫా ఒక్క ముక్కతో సరిపెడుతోంది!" అంటూ మేనకోడలి పళ్లెంలోకి ఇంకో ముక్క తోసింది.