అంచు కుట్టిన తుడుపుగుడ్డ

మా అమ్మాయి దొరికిందండి. ప్రాణాలతో దొరికింది. ఏడు నెలల తర్వాత నిన్న పొద్దున్న నా కూతుర్ని నా కళ్ళతో చూసుకున్నాను, నా చేత్తో దాని తల నిమిరాను. ఏడో తరగతి దాటనివాణ్ని, ఈ సంతోషం ఎలా రాయాలో తెలియడం లేదు. రాసినమాటే మళ్ళీ రాస్తే మన్నించండి. దొరికింది.

ఆ కబురు అందరికంటే ముందు చెప్పాల్సిన మనిషి ఆసుపత్రిలో ఉన్నారు. దాన్ని ఎంబసీ వాళ్ళ దగ్గర కూర్చోబెట్టి టాక్సీలో పరుగెత్తాను. వెళ్ళేసరికి ఆయన మంచం మీద దుప్పటి మార్చేసి ఉంది. తెల్లవారాక ఆరు గంటలకు పోయారని నర్సమ్మ చెప్పింది. నేను నా కూతుర్ని చూసింది పదిన్నరకి. నాలుగున్నర గంటలు తేడా అండి. అందుకే ఈ నాలుగు ముక్కలూ నవ్వుకుంటూ రాస్తున్నానో ఏడ్చుకుంటూ రాస్తున్నానో నాకే తెలియదు.

ఆయన కువైట్లో, ఫహాహీల్లో మా గది పెద్ద. రాయచోటి వైపు మనిషి. బజారు వెనక సందులో చిన్న కుట్టు దుకాణంలో పాతికేళ్ళు కుట్టారు. అందరూ టైలరన్న అంటే, నేను మాస్టారూ అనేవాణ్ని. మా కోనసీమలో కుట్టే ఆయన్ని అలాగే పిలుస్తాం. ఆయన నన్ను పేరు పెట్టి పిలవలేదు ఎన్నడూ. "ఏమప్పా గోదారాయనా" అనేవారు. నేను అహ్మదిలో తోటపని చేస్తాను. సాయంత్రం గదికి రాగానే నా చొక్కా చూసి, ఆ రోజు ఏ చేత్తో గొట్టం పట్టుకున్నానో చెప్పేవారు. దుకాణానికి కొత్త మనిషొస్తే కొలతలు తీయకముందే చెప్పేవారు: "ఈయప్ప టాక్సీ తోల్తాడు, సూడు, ఎడమ మోచెయ్యి కాడ గుడ్డ అరిగిపోయుండాది. కిటికీ మింద ఆనిస్తాడు." అడిగితే నిజంగా టాక్సీయే. మనిషి అబద్ధం చెప్పినా గుడ్డ చెప్పదప్పా, అని నవ్వేవారు.

ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి టీవీలో ఒక అమెరికా సీరియలు. ఏళ్ళ తరబడి వస్తూనే ఉంది. హంతకుడు ఎవరో తెలియకపోయినా, వాడు చేసిన పనిని బట్టి వాడి మనసు ఎలాంటిదో, ఏ వయసువాడో, ఎక్కడ ఉంటాడో ఊహించి పట్టుకునే పోలీసుల కథ. శుక్రవారం రాత్రి భోజనాలయ్యాక వేసేవాళ్ళు. గదిలో ఆరుగురం, మిగతా ఐదుగురికీ తెలుగు సినిమా కావాలి. ఆయన రిమోటు తొడకింద పెట్టుకుని కూర్చునేవారు. ఇంగ్లీషు రాదు, కింద వచ్చే అరబ్బీ అక్షరాలూ చదవలేరు.

"మాటలు తెలీకుండా ఏం అర్థమవుతుందండీ మాస్టారూ?" అని అడిగాను ఒకసారి.

"మాటలు ఇంటే మోసపోతామప్పా. నేను వాళ్ళ సేతులు సూస్తాండా."

నిజం చెప్పాలంటే హంతకుడు ఫలానావాడని ఆయన వేలు పెట్టి చూపిస్తే, సగంసార్లు వాడు మంచివాడని తేలేది. గదంతా గొల్లుమనేది. "డైరెక్టరు తప్పు తీసినాడు" అనేవారు, ముఖంలో ఏమీ కదలకుండా.

మా అమ్మాయి సంగతి చెప్పాలి. వద్దన్నా వినకుండా ఇళ్ళపనికి కువైట్ వచ్చింది. నువ్వున్నావుగా నాన్నా అంది. మొదటి ఇంటివాళ్ళు మంచివాళ్ళు. శుక్రవారం మధ్యాహ్నం సెలవిచ్చేవారు. నాతో కాసేపు కూర్చుని, తిన్నగా మాస్టారి దుకాణానికి వెళ్ళిపోయేది. ఆయన్ని పెదనాన్నా అనేది. అంచు మడిచి చేత్తో కుట్టడం ఆయనే నేర్పారు. ముడి కనబడకుండా మడతలో దాచి, ఏటవాలుగా సన్నని కుట్టు. అది నేర్చుకున్నాక దానికి పోగులు లేచిన గుడ్డ కనబడితే చేతులు ఊరుకునేవి కావు. మిషను తుడిచే పాత గుడ్డలక్కూడా అంచు కుట్టేసేది.

"తుడుపుగుడ్డకు అంచు ఎవురన్నా కుడతారా పాపా? దారం దండగ" అని కసిరేవారు.

"పోగులొస్తన్నాయి పెదనాన్నా, చూళ్ళేకపోతన్నాను" అనేది.

పై శుక్రవారానికి ఆయనే పాత గుడ్డలన్నీ దాచి దాని ముందు పెట్టేవారు. ఊదారంగు పూల గుడ్డతో దానికొక నైటీ కుట్టిచ్చి, ఒక సూది కూడా ఇచ్చారు. రవిక లోపల గుచ్చుకుని పెట్టుకునేది.

తర్వాత ఆ ఇంటివాళ్ళు ఊరు మారుతూ దాన్ని ఏజెంటుకి అప్పజెప్పారు. వాడు వేరే ఇంట్లో పెట్టాడు. కొత్త ఇంటినుంచి ఒక్కసారే ఫోన్ చేసింది. సముద్రం వాసనొస్తంది నాన్నా, వంటింట్లోకి బస్సుల హారన్లు వినబడతన్నాయి అంది. అంతే, ఆ తర్వాత ఫోన్ లేదు. ఏజెంటుని అడిగితే ఎవడితోనో కారెక్కి పారిపోయింది, కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, కేసు పెట్టాడు, ఖలాస్, ఇంక అయిపోయింది అన్నాడు. ఆ ఇల్లెక్కడో మాత్రం చెప్పలేదు. నేను తిరగని చోటు లేదు. వెళ్ళినచోటల్లా, కేసున్న మనిషి కనబడితే నువ్వే తీసుకొచ్చి అప్పజెప్పు అన్నారు.

ఇక్కడ నా తప్పు ఒకటి రాయాలి. నేను నమ్మేశాను. మనవాళ్ళలో ఆడపిల్ల ఫోన్ ఆగిపోతే ముందుగా అనుకునేది అదే, నేనూ అదే అనుకున్నాను. వాళ్ళమ్మకి ఫోన్ చేసి, మనకి కూతురు లేదనుకోవే అన్నాను. మాస్టారు పక్క మంచం మీదే కూర్చుని ఉన్నారు. ఫోన్ పెట్టేశాక రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ శుక్రవారం సీరియల్లో ఒక అమ్మాయి తప్పిపోయింది. ఈసారి పోలీసులు గోడమీద దొంగల ఫోటోలు పెట్టలేదు. ఆ పిల్ల దువ్వెన, ఆ పిల్ల పుస్తకం, ఆ పిల్ల పొద్దుటినుంచి ఏమేం చేస్తుందో, అవి పెట్టారు. తాగిన కప్పుని కిటికీలో బోర్లించే అలవాటు ఆ పిల్లకి. ఊరి బయట ఒక పాడుబడ్డ ఇంటి కిటికీలో బోర్లించిన కప్పు చూసి పట్టుకున్నారు. ఇంగ్లీషు రాని మా ఇద్దరికీ అర్థమైంది. మాస్టారు టీవీ కట్టేశారు. సీరియలు మధ్యలో కట్టేయడం ఆయన చరిత్రలో అదొక్కసారే.

"ఏమప్పా, మీ పాపకు ఏం అలవాట్లు ఉండాయి?"

"చేపల పులుసంటే ఇష్టమండి."

"తినేది కాదప్పా నేనడిగేది. ఎవురూ సూడనప్పుడు ఆ పాప సేతులు ఏం సేస్తాంటాయి?"

నాకు తెలియలేదండి. అది మూడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు నేను విమానం ఎక్కాను. కన్నతండ్రిని, నా కూతురి చేతులు ఏం చేస్తాయో నాకు తెలియలేదు. ఆయనకి తెలుసు.

"నాకు తెలుసులే" అన్నారు. "పారిపోయే మనిసి కాదు ఆ పాప. కుట్టు సగంలో ఇడిసిపెట్టి లేసింది ల్యా ఎప్పుడూ. ఏడో ఒకచోట గుడ్డకు అంచు కుడతానే ఉంటాది. నువ్వు మనిసిని ఎతికినావు. నేను గుడ్డను ఎతుకుతా."

అప్పట్నుంచి ప్రతి శుక్రవారం పొద్దున్నే కోస్తా రోడ్డు బస్సెక్కి, రోడ్డుకి దగ్గరున్న ఇళ్ళ వీధులు ఒక్కొక్కటీ నడిచారు. ఇళ్ళముందు కార్లు కడిగే వేళ అది. కడిగినవాళ్ళు గుడ్డలు గేటు ఊచలకి ఆరేస్తారు. ఆయన వాటిని చూసుకుంటూ పోయేవారు. గదిలోవాళ్ళు ఊరుకుంటారా. "ఏం అన్నా, ఇవాళ ఎన్ని గుడ్డల్ని అరెస్టు చేసినావు?" అనేవారు. "లాకప్పులో జాగా ల్యా, నీ లుంగీ ఇడిపించుకో" అని ఆయన అనేవారు. ఎండలు ముదిరాయి. ఆయనకి గుండె జబ్బు ఉంది, మెట్లెక్కితే రొప్పేవారు. నేను వస్తానంటే ఒప్పుకునేవారు కాదు. "నీకు కుట్టు తెలీదు, ఉత్తగా నా పక్కన ఏడ్సుకుంటా వస్తావు."

గుడ్డ దొరికిన రోజు ఆయన గదికొచ్చి నీళ్ళు కూడా తాగలేదు. ఊదారంగు పూలగుడ్డ, నాలుగు ముక్కలు, ఒక గేటుకి ఆరేసి ఉన్నాయన్నారు. కట్టుకున్న బట్ట తుడుపుగుడ్డ అయిందంటే మనిషి లేనట్టేగా మాస్టారూ, అని కూలబడిపోయాను.

"లెయ్ ముందు. నాలుగింటికీ అంచు కుట్టుండాది. సచ్చిపోయిన మనిసి కుడతాదా? దారం సూసినా, ఎండకు ఇంకా తెల్లబడలే. ఈ వారంలో కుట్టింది. యల్లా, లెయ్."

ఆదివారం ఎంబసీలో ఆయనే మాట్లాడారు. గుడ్డ ముక్కల్ని చూసి చెప్తున్నావా పెద్దాయనా, అని అక్కడి గుమస్తా నవ్వాడు. ఆయన నవ్వలేదు. ఆ గుమస్తా కాలర్ వెనక కుట్టు ఏ దుకాణంలో వేశారో చెప్పి, "నాది కుట్టు పని సార్, నా కుట్టు నాకు తెలీదా" అన్నారు. ఎంబసీవాళ్ళు ఇంటి గుర్తులు రాసుకున్నారు. మూడోరోజు మాస్టారు దుకాణంలో మిషను మీద తలవాల్చి పడిపోయారు. పదకొండో రోజున, నిన్న, పోలీసులు ఆ గేటు తీయించారు.

అది ఎలా ఉందో అంతా రాయను. సగం మనిషయింది. ఎడమచేతి రెండు వేళ్ళు ముడవలేకపోతోంది. పారిపోకుండా ఉండాలని ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, దాని బట్టలన్నీ కత్తిరించి తుడుపుగుడ్డలు చేయించిందట. సూది ఒక్కటి మిగిలింది.

"మేం చూస్తామని కుట్టావా అమ్మా?" అని అడిగాను.

"లేదు నాన్నా. పోగులొస్తంటే చూళ్ళేక."

కఫీల్ పెట్టిన కేసు ఎంబసీవాళ్ళు ఎత్తేయించారు, రేపు సాయంత్రం విమానంలో దానికి టిక్కెట్టు దొరికింది. ఆయన్ని ఉంచిన పెట్టె కూడా దాంట్లోనే వెళ్తోంది. నాకు సెలవు లేదు. ఆయన మీద కప్పడానికి కొత్త తెల్లగుడ్డ తెచ్చాం. అది చూసి, మా అమ్మాయి కింద కూర్చుని అంచు మడవడం మొదలుపెట్టింది. పోయినవాళ్ళ మీద కుట్టిన గుడ్డ కప్పకూడదమ్మా అన్నారు గదిలోవాళ్ళు. అది తల ఎత్తలేదు. వంకర వేళ్ళతో గుడ్డ నొక్కిపట్టి, ముడి మడతలో దాచి, నాలుగువైపులా కుట్టింది.

ఇది చదివే మీలో ఆ ఊళ్ళవాళ్ళుంటే ఈ కబుర్లు అందజేయండి. నేను ఫోన్ తీసి నంబరు నొక్కి, మళ్ళీ పెట్టేస్తున్నాను.

మా ఆవిడకి: కూతురు ఉంది. నేనన్న మాట మర్చిపోమని.

అమలాపురంలో మా బావమరిదికి: హైదరాబాదుకి కారు మాట్లాడుకుని వెళ్ళొద్దని. అమ్మాయి ముందు ఆయన పెట్టెతో రాయచోటి వెళ్తానంది. ఒక రోజు ఆలస్యంగా ఇంటికొస్తుంది.

రాజోలులో మా అక్కకి: పారిపోయిందని ఎవరెవరికి చెప్పిందో, వాళ్ళందరికీ మళ్ళీ చెప్పమని.

మదనపల్లెలో ఆయన తమ్ముడికి: విమానాశ్రయంలో ఎడమచేయి బాగాలేని అమ్మాయి ఒకతి పెట్టె పక్కన ఉంటుంది, తన పిల్లే అనుకోమని.

ఆయన ఇద్దరు కూతుళ్ళకి: మీ నాన్న ఈసారి తప్పు మనిషిని చూపించలేదని.

ఆయన ఇల్లాలికి: పెట్టె తెరిచాక, పైనున్న తెల్లగుడ్డ అంచు విప్పొద్దని.