ఆకలికి సిగ్గుపడ్డ రోజులు

మొన్న తాండూరులో ఒక పెళ్ళి బంతిలో మా తమ్ముడి మనవరాలు, ఏడో తరగతి పిల్ల, విస్తరి ముందే చొక్కా అంచు ఎత్తి, అందరి ఎదుటా పొట్టలో ఇన్సులిన్ గుచ్చుకుని, "జర బూరెలు ఇటు పంపుండ్రి" అని కేకేసింది. తల వంచుకున్నది మాత్రం నేను. ఆ షుగరు జబ్బే నాకు పందొమ్మిది వందల అరవైల మొదట్లో, పావడా కట్టే వయసులో వచ్చింది. అప్పట్లో ఆ సంగతి గడప దాటనిచ్చేవారు కాదు.

నాయన కందుల వ్యాపారి. మా ఇంట్లో కంది బస్తాలకు తాళం ఉండేది కాదు గాని బెల్లం డబ్బాకు ఉండేది, నా పుణ్యమా అని. అమ్మ సూది మరగబెట్టి, తానే పొడిచి, జొన్నరొట్టె, ఇంత పప్పు పెట్టి, నా చేతి వంకే చూస్తూ కూర్చునేది. సద్దుల బతుకమ్మనాడు రొట్టె, బెల్లం కలిపి ముద్దలు చేసిన మలీద పంచుతారు. ప్రసాదం కనుక వద్దనకూడదు. కళ్ళకద్దుకుని ఓణీ కొంగున మూటగట్టి, అందరూ పాటల్లో ఉండగా బస్తాల వెనక కూర్చుని నమలకుండానే మింగేదాన్ని. రుచేమీ తెలిసేది కాదు, సిగ్గు ఒక్కటే తెలిసేది.

పై చదువుకని వికారాబాదులో మేనత్త ఇంట్లో ఉంచారు. అక్కడ సూది నేనే వేసుకోవాలి. దొంగతిండి బుగ్గల్లో కనబడుతుందేమోనని నాకు భయం. సూది మానితే తిన్నది ఒంటికి పట్టదని కనిపెట్టి, తలుపు వేసుకుని మందు మురుగునీరు పోయే మోరీలో పోసేదాన్ని. చలికాలానికి ఎముకల గూడునయ్యాను. వికారాబాదు గుట్ట మీద క్షయ దవాఖాన ఉండేది, అందుకే అక్కడ ఎవరు చిక్కినా ఊరికి ఒకటే అనుమానం, క్షయ. "ఇది షుగరు గాదు, గుట్ట మీది దవాఖాన బీమారి. పరేషాన్ గాకు బిడ్డ, పిల్లలున్న ఇల్లు గదా" అంటూ అత్త నా కంచం, గ్లాసు వేరుచేసింది. తిండి దొంగ అనిపించుకోవడం కంటే క్షయ రోగి అనిపించుకోవడమే నయమనుకున్నాను. పైగా ఒంటరిగా తినొచ్చు.

ఒకనాడు ఆ మోరీ దగ్గరే పడిపోయాను. పట్నం దవాఖానలో తెలివి వచ్చేసరికి, సూది ఎందుకు మాన్పించారని డాక్టరు అమ్మను నిలదీస్తున్నాడు. "ఒక్క పూట గూడ తప్పదు సారూ. నా బిడ్డ అబద్ధమాడదు" అంటోంది అమ్మ. దుప్పటి మొహం మీదికి లాక్కుని, లోపలినుంచే, "దొంగతనంగ తిన్నది ఒంట్ల కనబడొద్దని నేనే పారబోసిన అమ్మా" అన్నాను.

అమ్మ తిట్టలేదు. డాక్టరు వెళ్ళాక దుప్పటి పక్కకు జరిపి, "దాసుకొని తింటివి గాని, ఆకలైతే నన్నడగకపోతివి. గంత పరాయిదాన్నైననా?" అంది. తిట్టినా బాగుండేది.

సూది మళ్ళీ ఏనాడూ మానలేదు. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. కానీ ఇప్పటికీ ఎవరైనా "తిన్నవా" అని అడిగితే, కడుపు కాలుతున్నా "తిన్న" అనే మాటే నోటికి వస్తుంది.