ఉప్పు డబ్బా గేటు బయటే

మేడం పోయారన్న కబురు వచ్చేసరికి నేను షెడ్డులో పొయ్యి ముందు నిలబడి చింతపిక్కల గంజి కలుపుతున్నాను. ఫోన్ చేసింది వాళ్ళ చెల్లెలి కొడుకు. "పెద్దమ్మ ఎల్లిపోనాది అక్కా, తెల్లారగట్ల," అన్నాడు. ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని నేను గరిటె తిప్పుతూనే ఉన్నాను. ఆపితే గంజి ఉండలు కడుతుంది. ఉండలు కడితే మేడం ఊరుకోరు. ఆవిడ లేరని విన్నాక కూడా ఆవిడ తిడతారని భయపడ్డానంటే, ఎలాంటి మనిషో మీకు కొంత అర్థమయ్యే ఉంటుంది.

బరంపురంలో ఆవిడ దగ్గర కెమిస్ట్రీ చదువుకున్నవాళ్ళు వీధికొకరు ఉంటారు. నేనూ వాళ్ళలో ఒకదాన్ని. రిటైరయ్యాక గోసాని నువాగాంలోని ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. ఆవిడ ఆ పని చెయ్యలేదు. అంకులిలో ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని, నన్నూ, భంజనగర్ నుంచి వచ్చిన బినోదినినీ పనిలో పెట్టుకుని, డ్రమ్ముల కొద్దీ బురద తెప్పించడం మొదలుపెట్టారు. ఊళ్ళోవాళ్ళు ఆవిడకి మతి చలించిందేమో అనుకున్నారు. నిజం చెప్పాలంటే నాకూ అనుమానం వచ్చింది.

ఆ బురద సోలార్ పలకలు చేసే ఫ్యాక్టరీది. అక్కడ సిలికాన్ దిమ్మల్ని సన్నటి తీగతో పలకలుగా కోస్తారు. కొయ్య కోస్తే రంపపు పొట్టు రాలినట్టు అక్కడా సిలికాన్ పొడి రాలుతుంది. నీళ్ళతో కలిసి బూడిదరంగు బురదవుతుంది. దాన్ని గోతిలో పూడ్చేస్తారు. మేడం దాన్ని కడిగి, ఎండబెట్టి, మెత్తగా నూరి, మళ్ళీ మళ్ళీ చార్జింగు పెట్టుకునే బ్యాటరీల్లోకి సరుకు చేస్తామన్నారు.

"ఈ వయసులో మీకెందుకు మేడం ఈ బురద?" అని ఒకసారి అడిగాను.

"బురదంటావేటే గుంటా! ఇసకని ఎంతో మంటెట్టి కాలిస్తే వచ్చిన సరుకిది. సేప కోసినోడు తలకాయ పారేత్తాడేటి? పులుసెట్టుకోడా?"

మా ఇంటివాళ్ళలాగే ఆవిడ పుట్టింటివాళ్ళదీ తరతరాలుగా ఇక్కడి సముద్రం ఒడ్డున చేపల వేట చేసుకునే కుటుంబం. క్లాసులో ఇంగ్లీషు, ఆఫీసుల్లో ఒడియా గడగడా మాట్లాడేవారు. మా దగ్గరికి వచ్చేసరికి మాత్రం అచ్చంగా ఒడ్డు భాషే. తిట్టడానికి అదే బాగుంటుందనేవారు.

బ్యాటరీలో సిలికాన్‌తో ఒక పేచీ ఉంది. చార్జింగు ఎక్కేటప్పుడు అది మూడింతలు ఉబ్బుతుంది, దిగేటప్పుడు ముడుచుకుంటుంది. అలా ఉబ్బీ ముడుచుకునీ పగిలిపోతుంది. నాకు పుస్తకంలో బుర్రకెక్కని ఆ సంగతిని ఆవిడ ఒక్క మాటలో తేల్చేశారు. "గిన్ని నిండా బియ్యం పోసేత్తే అన్నం ఎక్కడ ఒదుగుద్దే? సోటొగ్గాల." అందుకే సిలికాన్ పొడిలో కొబ్బరిచిప్పల బొగ్గు కలిపి, లోపల కాస్త ఖాళీ వదిలేవాళ్ళం. ఆ మాట ఆవిడ మనుషులకీ వాడేవారు. నేను మా ఆయనతో గొడవపడి మొహం మాడ్చుకుని వచ్చిన రోజుల్లో "సోటొగ్గేవా?" అని అడిగేవారు. నాకు ఒళ్ళు మండేది. సాయంత్రానికి నవ్వొచ్చేది.

ఈ పొడినంతా బ్యాటరీ లోపలి రాగి రేకుకి పట్టి ఉంచడానికి ఒక జిగురు కావాలి. మొదట బయట దేశాల నుంచి వచ్చే జిగురు కొద్దిగా కొని చేసి చూశాం, బాగానే పనిచేసింది గానీ అది మా తాహతుకి మించినది. మేడం చింతపిక్కల గంజి పట్టుకొచ్చారు. చింతపిక్కలు వేయించి, పొట్టు తీసి, పిండి చేసి కాస్తే వచ్చే గంజి. సాగుతుంది, పట్టు వదలదు. మొదటిసారి గంజి ఆవిడే స్వయంగా ఇంట్లో కాచి స్టీలు గిన్నెలో పట్టుకొచ్చారు, ఆ పని మా చేతికి ఇవ్వలేదు.

ఆ గంజితో చేసిన బ్యాటరీ సెల్లులన్నీ చచ్చిపోయాయి. ఒక్కటీ నిలబడలేదు. అప్పటికి ఫ్యాక్టరీ ఆఫీసరు చూడ్డానికి రావడం ఖాయమైపోయింది. ఆయనకి నమ్మకం కుదరకపోతే బురద ఇక మా దగ్గరికి రాదు. దాన్ని పూడ్చడానికి కొత్త గొయ్యి తవ్వడం కూడా మొదలెట్టారట. బురద రాకపోతే షెడ్డూ లేదు, మా కొలువులూ లేవు, ఆవిడ అన్నేళ్ళుగా కన్న కలా లేదు.

మేడం ఒక సెల్లు విప్పించారు. రాగి రేకు మీద పచ్చగా చిలుం. మా అమ్మ రాగి చెంబులో ఊరగాయ పెట్టేసి మర్చిపోయినప్పుడు చూసిన చిలుమే. మేడం చాలాసేపు దాన్ని చూశారు. తర్వాత లేచి, గిన్నె అడుగున మిగిలిన గంజిని వేలితో తీసి నాలిక మీద రాసుకున్నారు.

"ఉప్పు సరిగ్గా సరిపోనాదే," అన్నారు.

మా ఒడ్డు ఇళ్ళలో పొయ్యి మీద ఏది ఉడికినా చెయ్యి దానంతటదే ఉప్పు డబ్బా మీదికి పోతుంది. చేపకి ఉప్పు, మామిడికాయకి ఉప్పు, గంజికి మరీను. ఉప్పు రాగిని తినేస్తుందని తెలిసి, జీవితమంతా కెమిస్ట్రీ చెప్పిన చెయ్యి కూడా అమ్మ నేర్పిన పనే చేసేసింది. ఆవిడ పగలబడి నవ్వారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు.

బినోదిని నెమ్మదిగా ఒక దారి చెప్పింది. పాత జిగురుతో చేసిన సెల్లులు బాగానే ఉన్నాయి కదా, రేపు ఆఫీసరుకి అవే చూపిద్దాం, గంజి ఊసు ఎత్తొద్దు. నాకది సబబుగానే తోచింది. మేడం మా ఇద్దరినీ ఎగాదిగా చూశారు.

"కుళ్ళిన సేపని గంప అడుగునెట్టేత్తే కంపు ఆగుద్దేటి?"

మర్నాడు ఆఫీసరు కూర్చోగానే ఆవిడ చచ్చిన సెల్లులన్నీ ఒక పళ్ళెంలో పోసి, పక్కన గంజి గిన్నె పెట్టి, జరిగిందంతా ఒడియాలో చెప్పారు. తప్పు బురదది కాదు, గంజిది కాదు, నా చేతిది అన్నారు. అంత చదువూ పేరూ ఉన్న మనిషి, తన కొడుకు వయసువాడి ముందు ఆ మాట అంటుంటే నేను తల వంచుకున్నాను. ఆవిడ మాత్రం వంచలేదు. ఆయన పళ్ళెంలోంచి ఒక సెల్లు తీసి తిప్పి చూసి, వానలు పడేలోపు ఇంకొక్కసారి చేసి చూపించమన్నాడు. బాగున్నవి చూపించి ఉంటే నమ్మేవాణ్ణి కాదేమోనని వెళ్ళేటప్పుడు నాతో అన్నాడు.

ఆ రోజే మా భోజనాల ఉప్పు డబ్బా గేటు బయట మేకుకి ఎక్కింది. భోజనాలు బయట, మునగచెట్టు కింద. తిన్నాక కుళాయి దగ్గర చేతులు కడిగి, ఆవిడకి చూపించి, అప్పుడు లోపలికి. చెమట పట్టినా అంతే. చిన్నపిల్లల్లా అరచేతులు తిప్పి చూపించేవాళ్ళం. ఆవిడా మాకు చూపించేవారు. ఆదివారం బజారు నుంచి ఉప్పుచేపల పొట్లంతో వస్తే, పొట్లం డబ్బా పక్కనే వేలాడేది. పఖాళలో, అదే చద్దన్నంలో, నంజుకుంటూ "లోపలున్న సెల్లులకి ఈ బాగ్గెం నేదు పాపం," అనేవారు.

రెండోసారి చేసిన సెల్లులు పరీక్షలో ఉండగా ఆవిడ మంచాన పడ్డారు. నేనూ బినోదినీ ఆసుపత్రికి వెళ్ళాం. తను ఫోన్‌లో పరీక్ష మిషను స్క్రీను ఫోటో చూపించింది. సెల్లు బలం చూపే గీత పడిపోకుండా నిలబడింది. మేడం దాన్ని కళ్ళ దగ్గరగా పెట్టుకుని చూశారు. నా వైపు తిరిగి ఒకటే అడిగారు.

"ఉప్పెయ్యనేదు కదా?"

"నేదు మేడం," అన్నాను. ఆవిడ నాతో మాట్లాడిన ఆఖరి మాట ఆ ప్రశ్నే.

అస్థికలు కలపడానికి సముద్రానికి మేమూ వెళ్ళాం. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉండగా ఒడ్డున సంచిలో నా ఫోన్ మోగింది. పైకొచ్చి చూస్తే ఆఫీసరు. మీరు పంపిన ఫలితాలు చూశామనీ, గొయ్యి పూడ్చేస్తున్నామనీ, బురద ఇక మీకేననీ, మొదటి లారీ బయల్దేరిందనీ చెప్పాడు. మేడం సంగతి ఆయనకి తెలియదు. చెప్పాను. ఈ ఒక్క కబురు ఆవిడ చెవిన పడకపోయిందే అన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

తడి చీరలతోనే ఆటో ఎక్కి అంకులి చేరాం. గేటు ముందు లారీ ఆగి ఉంది. నా చేతుల మీద సముద్రపు నీరు ఆరి తెల్లగా పొడి కట్టింది. ఆవిడని కలిపిన నీళ్ళు అవి. కడగబుద్ధి కాలేదు. తాళం చెవి పట్టుకుని అలాగే నిలబడిపోయాను. బినోదిని ఏడుస్తూనే కుళాయి తిప్పింది. "కడుగు. మేడం ఊరుకోరు," అంది.

కడిగాను. ఇద్దరం అరచేతులు తిప్పి ఒకరికొకరు చూపించుకున్నాం.

లారీ డ్రైవరు కిందికి దిగి మమ్మల్ని వింతగా చూశాడు. "కణ హెలా, అపా?" అన్నాడు, ఏమైందక్కా అని.

"లుణ," అన్నాను. ఉప్పు అని.

అతను మేకుకి వేలాడుతున్న డబ్బా వైపు చూశాడు, మా తడి చీరల వైపు చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి లారీ కిటికీకి తగిలించి, కుళాయి కింద చేతులు పెట్టి కడుక్కుని, అరచేతులు తిప్పి మాకు చూపించాడు.