కంప్యూటర్ పాటలో ఉప్పు ఎక్కువైంది

నా నోటికి పాటను, ఆ పాటకు శ్రుతిని ఇచ్చిన ప్రభువుకు ముందుగా స్తోత్రం. శ్రుతి మాత్రం ఆయన నాకు కాస్త ఆలస్యంగా ఇచ్చాడు.

ఆ రోజుల్లో కంప్యూటర్ నేర్చుకునేవాడంటే ఊళ్లో సగం డాక్టరు లెక్క. నేను ఉదయగిరి నుంచి రోజూ బస్సులో ఆత్మకూరు వెళ్లి ప్రోగ్రాములు రాయడం నేర్చుకునేవాణ్ని (కంప్యూటర్ గదిలోకి చెప్పులు విడిచి వెళ్లాలి, నాకు అదే పెద్ద గొప్ప). అప్పుడే మా చిన్నాయనకు బదిలీ అయి, మందిరంలో హార్మోనియం వాయించేవాళ్లు లేకుండా పోయారు. క్రిస్మస్ నాటికి ఎవరూ దొరక్కపోతే ఆ హార్మోనియం పెట్టెను దుత్తలూరు సంఘానికి ఇచ్చేస్తామని సంఘ పెద్దలు తేల్చారు. ఆ పెట్టె మీద చిన్నప్పటి నుంచీ నా కన్ను. చిన్నాయన ఉన్నంతకాలం ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. నాకు సరిగమలు కూడా రావు. అయినా లేచి, కంప్యూటర్‌తో స్వరాలు నేర్చుకుని క్రిస్మస్‌కు నేనే వాయిస్తానని చెప్పేశాను. కంప్యూటర్ అన్న మాటకు ఎవరూ ఎదురు చెప్పలేదు.

కంప్యూటర్‌కు ఒక అంకె ఇస్తే ఆ ఎత్తులో కూస్తుంది. కింది సా రెండు వందల నలభై, పై సా దానికి రెట్టింపు, మధ్యలోవి కంప్యూటర్ నేర్పే సారు రాసిచ్చినట్టు. అలా ఒక క్రిస్మస్ కీర్తన కూయించి, టేపులో పట్టి తెచ్చాను. మా సంఘంలో పాట ఎత్తేది మా అవ్వ. ఆమె ఎక్కడ ఎత్తితే అక్కడే అందరూ పాడాలి. ఆ ఆదివారం నా టేపు కంటే ఒక మెట్టు పైన ఎత్తింది. టేపు ఒక దారి, సంఘం ఒక దారి.

దానికేముందని, వారం తిరిగేలోగా ప్రతి స్వరానికీ ముప్పై కలిపి తెచ్చాను. మొదటి సా అవ్వ గొంతుకు అతికినట్టు సరిపోయింది. పెద్దల వంక చూసి నవ్వాను కూడా. పైకి పోయేకొద్దీ పాట కుంటడం మొదలుపెట్టింది. పాటల బృందంలోని అక్కలు నోట్లో కొంగులు కుక్కుకున్నారు. పాస్టరు అయ్యగారు కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉన్నట్టు కూర్చున్నారు.

"ఏం చేసినావురా దాన్ని?" అంది అవ్వ, బయటికి రాగానే.

"అన్నిటికీ సమానంగా ముప్పై కలిపినానవ్వా."

క్రిస్మస్ విందు వంట ఏటా ఆమె అజమాయిషీలోనే. నన్ను జాలిగా చూసింది. "యాభై మంది కూర నూరు మందికి చేయాల్నంటే, కూరకొక శేరు, ఉప్పుకొక శేరు కలుపుతావా? ఏది ఎంత ఉండాదో దాన్నిబట్టి పెంచాల గదరా."

మర్నాడు ఆత్మకూరు చేరేదాకా బస్సులో ఉప్పు గురించే ఆలోచించాను. కూడికలు తీసేసి, స్వరాలన్నిటినీ ఒకే అంకెతో గుణించాను. పాట కుంటకుండా మెట్టెక్కింది. అదే పని హార్మోనియం మీదైతే, అన్ని వేళ్లూ సమానంగా అన్నేసి మెట్లు పక్కకు జరగడమేనని అప్పుడు బుర్రకెక్కింది. నెల రోజులు ఆ టేపు పెట్టుకుని పెట్టె మీద సాధన చేశాను.

క్రిస్మస్ ఉదయం అవ్వ సంతోషం పట్టలేక సాధన కంటే రెండు మెట్లు పైన ఎత్తింది. తోడుగా పెట్టుకున్న టేపు ఆపేశాను. తడుముకుంటూ నేనూ వేళ్లను రెండు మెట్లు జరిపాను. మూడో చరణానికి సంఘాన్ని అందుకున్నాను. పెట్టె ఉదయగిరిలోనే నిలిచింది. అవ్వ నా దగ్గరకొచ్చి, "ఈ తూరి ఉప్పు సరిపోయిందిరా" అంది.

ఇప్పుడు నాకూ తల నెరిసింది. అవ్వ ప్రభువు దగ్గర ఉంది, అక్కడ దూతలకు ఎంత ఎత్తులో ఎత్తుతోందో తెలియదు. పాట మొదలయ్యే ముందు నా వేలు ఇంకా ఒక్క క్షణం ఆమె కోసం ఆగుతుంది. మీరు కూడా నాతో ప్రార్థించండి: ప్రభువా, నన్ను పిలిచిన రోజున, అవ్వ ఎత్తిన చోటు దొరికేదాకా కాస్త సమయమివ్వు. ఆమేన్.