పైపొర నమూనా

ఓడ కెప్టెన్‌గా సముద్రం మీద పని మానేశాక కొన్నేళ్లు సరుకుల సర్వేయర్‌గా పనిచేశాను. ఒక ఏడాది జూలై రెండో వారంలో నన్ను కిరందుల్ పంపారు. అక్కడి ఇనుప ఖనిజపు పొడి రైల్లో విశాఖపట్నం చేరి ఓడకెక్కుతుంది. అందులో తేమ హద్దులోనే ఉందని ముందుగా ధ్రువీకరించడం నా పని. తేమ ఎక్కువైతే అలల కుదుపుకు పొడి బురదై ఒక పక్కకు జారుతుంది, ఓడ ఒరుగుతుంది.

రేవులో ఆ సరుకు కోసం ఎదురుచూస్తున్న ఓడకు కెప్టెన్ మా తమ్ముడు మూర్తి. మాది కాకినాడ వైపు. తాత తెరచాప ఓడలు నడిపాడు. ఒకసారి తుపానులో తెరచాప కొయ్య విరిగినా రంగూన్ చేరాడు. నాన్న మంటలంటుకున్న ఓడను ఒడ్డుకు తెచ్చాడు. తర్వాత మేమిద్దరం. ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది: మనవాడు కొలిచినదాన్ని మనవాడు మళ్లీ కొలవకూడదు. కొలిస్తే అవమానించినట్టే.

నమూనా తీయాలంటే కుప్పలో లోతుగా గుంటలు తవ్వించాలి. రెండ్రోజులుగా వాన లేదు, పైన పొడిగా ఉంది. నేను పైపొరే తీయమన్నాను. నమూనాలు తీసే లచ్చయ్య, కిష్టారం వైపు దోర్ల తెగ మనిషి, పార ఆపాడు.

"ఇదేంది కప్తాన్ సాబ్, కూర మీద నూనె చూసి ఉప్పు చెప్తున్నరా? లోపట పానీ ఉన్నది. తవ్వమంటే తవ్వుత."

"నువ్వెన్ని సముద్రాలు చూశావయ్యా?" అన్నాను.

"సముద్రం చూడలే సార్. ఈ కుప్పను రోజూ చూస్తున్న."

పక్కవాళ్లు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పంతంతో పైపొరతోనే డబ్బా పరీక్ష చేశాను. డబ్బాను సగం నింపి గట్టి నేలకేసి పదేపదే కొట్టాలి. పైకి నీరు తేలితే సరుకును అనుమానించాలి. తేలలేదు. సంతకం పెట్టాను.

లోడింగ్ మొదలైన రోజు మూర్తి ఫోన్ చేశాడు. "అన్నయ్యా, మా చీఫ్ ఆఫీసర్ మళ్లీ డబ్బా కొడతానంటున్నాడు. మా అన్నయ్య చూశాక నువ్వేం చూస్తావయ్యా అని కసిరాను" అని నవ్వాడు. కొట్టించమని ఒక్క మాట అంటే సరిపోయేది. నేనూ నవ్వాను.

బయల్దేరిన మూడో రోజు ఓడ ఎడమకు ఒరిగింది. మూర్తి వేగం తగ్గించి, ఇరవై ఇద్దరు సిబ్బందితో అతికష్టం మీద దగ్గరి రేవు చేరాడు. ఎవరూ చనిపోలేదు.

విచారణలో అతను నా పేరెత్తలేదు. పరీక్ష ఆపింది తానేనని మాత్రం చెప్పాడు. వెనక వరుసలో కూర్చుని నేను నోరు విప్పలేదు. అతన్ని విధుల నుంచి తప్పించారని తెలిసిన వారానికి గాని, లచ్చయ్య హెచ్చరికతో సహా జరిగినదంతా రాసి ఇవ్వలేకపోయాను. నా సర్వేయర్ అనుమతి రద్దయింది. మూర్తి శిక్ష తగ్గింది కానీ పోలేదు. పరీక్ష ఆపడం అతని తప్పే.

తిరిగి ఓడెక్కాక, ఎవరి సంతకం ఉన్నా అతను డబ్బా కొట్టిస్తున్నాడు. "నువ్వు పెట్టినా కొట్టిస్తాను అన్నయ్యా" అని నాతోనే అన్నాడు. పద్ధతి అదే. అనుభవం ఉన్నవాడి పనినే ముందు తనిఖీ చేయాలి. నా పనిని ఎవరూ తనిఖీ చేయలేదు, నేనూ చేసుకోలేదు.